అటక సంగతి ఎవరు చెప్పారు

మార్చి 3, 2091

మూడో సొరంగంలో వేడి పదిహేడు డిగ్రీలు, గాలిలో తేమ ముప్పై ఆరు శాతం. తేమ రెండు పాళ్ళు ఎక్కువే. ఇక్కడ పెట్టెలు మోసి ఊడ్చే తిప్పక్క, నేను కలిసి తేమ పీల్చే గుళికల ట్రేలు ఇరవై నాలుగు మార్చాం. పాతవాటిని పైకి మోసుకెళ్ళి ఎండలో పరిచాం. పొద్దున తొమ్మిదికే పైన నలభై నాలుగు డిగ్రీలు. గుళికలకు మంచి ఎండ, మనుషులకు కాదు. తిరిగి లోపలికి వచ్చేసరికి తిప్పక్క పెదాలు పిడచ కట్టుకుపోయాయి.

"బంగారు తవ్వే కాలంలో మా ముత్తాత ఈ గనిలోంచి ఎప్పుడు పైకొద్దామా అని చూసేటోడంట. మనమేమో ఎప్పుడు లోపలికి దూరదామా అని చూస్తాండాం," అని నవ్వింది.

ఇప్పుడిక్కడ బంగారం లేదు, కాగితాలున్నాయి. ఐరోపాలో నదులు పొంగి పాత నగరాల నేలమాళిగలు మునిగినప్పుడు, అక్కడ యూదులను వేటాడి చంపిన కాలం నాటి పత్రాలను పెట్టెల్లో పెట్టి ప్రపంచంలో ఏడు పొడి చోట్లకు పంపించారు. అనంతపురం జిల్లాలో మూతబడిన ఈ గని ఆ ఏడింటిలో ఒకటి. జాబితాలు, గుర్తింపు కార్డులు, పోలీసు రిపోర్టులు, ఉత్తరాలు, అన్నీ కలిపి నలభై లక్షల కాగితాలు. నా పని పోలిక. అసలు కాగితాన్ని చేత్తో పట్టుకుని, తెర మీది నకలుతో అక్షరం అక్షరం పోల్చి, తేడా లేదని నా అరచేతి ముద్ర వేస్తాను. ముద్ర పడిన నకలునే 'జవాబు' అనే యంత్రం చదువుతుంది. లోకమంతా ఏది తెలుసుకోవాలన్నా జవాబునే అడుగుతుంది. అసలు కాగితం చూడాలని ఈ పదమూడేళ్ళలో ఇక్కడికి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది.

ఈ రోజు రైలు తపాలాలో ఒక ఉత్తరం వచ్చింది. కాగితం మీద చేత్తో రాసిన ఉత్తరం. పంపినావిడ మోంటెవీడియోలో ఉంటుంది, పేరు నోయెమీ.

"మా అమ్మ ఎస్తేర్ మీకు నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ 'వివరాలు లభించలేదు' అన్నారు. పోయిన అక్టోబరులో అమ్మ చనిపోయింది. ఐదోసారి నేను అడుగుతున్నాను. 1943 ఫిబ్రవరిలో ఆల్టెన్‌ఫుర్ట్ అనే ఊళ్ళో, బట్టలుతికే మార్తా ఇంటి అటక మీద దాక్కున్న యూలియుస్ ఎడెల్‌మూత్‌ను, అతని భార్య సెల్మాను పోలీసులకు పట్టిచ్చింది ఎవరు? వాళ్ళ ఆరేళ్ళ కూతురు హన్నెలోరె బతికింది. ఆమె మా అమ్మకు అమ్మమ్మ."

నాలుగుసార్లు రాసిన ఎస్తేర్ ఉత్తరాలు ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. ఈ గనికి వచ్చే ఉత్తరాలన్నీ మొదట చూసేది ఓబులేశు సార్. ఆయన ఇక్కడ పెద్ద. పాత జర్మన్ చేతిరాత నాకు అక్షరమక్షరం నేర్పింది కూడా ఆయనే. ఈ వారం ఆయన బెంగళూరు వెళ్ళారు కాబట్టి ఇది నాకు చేరింది.

మార్చి 5

మొదట జవాబును అడిగాను. అది తడుముకోకుండా చెప్పింది.

"లభ్యమైన పత్రాల ప్రకారం, సమాచారం ఇంటి యజమానురాలు మార్తా లైట్‌నర్ నుంచే వచ్చి ఉండవచ్చు. అరెస్టుకు పది రోజుల ముందు ఆమె బాలికను వేరే చోటికి తరలించడం దీన్ని బలపరుస్తోంది."

తర్వాత పెట్టె తీశాను. ఫైలు అట్ట మీద పెన్సిలుతో 41 అని ఉంది. లెక్కపెట్టాను, కాగితాలు నలభై ఒకటే ఉన్నాయి. తెర మీద నకలు లెక్కపెట్టాను. ముప్పై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఆరే.

మార్చి 6

నకలులో లేని ఐదు కాగితాలు చదివాను. మొదటిది ఒక ఉత్తరం. తేదీ 1943 ఫిబ్రవరి 8. చేతిరాత చక్కగా, నల్లబల్ల మీద రాసినట్టుంది.

"మా ఎదురింటి మార్తా లైట్‌నర్ ఒంటరి మనిషి. ఆదివారం ఆమె చర్చిలో ఉండగా ఆమె ఇంటి పైకప్పు కింద నుంచి చిన్నపిల్ల దగ్గు వినిపించింది. రెండు ఆదివారాలు విన్నాను. మూడో ఆదివారం దగ్గు లేదు గానీ అడుగుల చప్పుడు ఉంది. ఎడెల్‌మూత్ కుటుంబం ఊరు విడిచి పోయిందని అందరూ అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. పౌరుడిగా నా బాధ్యత నెరవేర్చాను. మరొక చిన్న విన్నపం. ఎడెల్‌మూత్ ఇంట్లో తాళం వేసి ఉన్న పియానోను మా బడికి ఇప్పించగలరు. పిల్లలు పాడుకోవడానికి వాయిద్యం లేదు. ఇట్లు, ఒట్‌మార్ గ్రీబ్, ఉపాధ్యాయుడు."

మిగతా నాలుగు కాగితాలు పోలీసులు మార్తాను ప్రశ్నించినప్పటివి. వాటిలోనూ గ్రీబ్ పేరు ఉంది. అందుకే అవీ పోయాయి.

పదమూడేళ్ళుగా ఇలాంటివి చదువుతున్నాను. చదువుతూ మధ్యలో ఆగడం ఎప్పుడో మానేశాను. ఈ రోజు ఆగాను, గ్రీబ్ రాసిన దానికి కాదు. నకలు కింద ఉన్న అరచేతి ముద్ర చూసి. తేడా లేదని ధ్రువీకరించిన ఆ ముద్ర నాది.

మార్చి 7

ముద్ర పడిన తేదీ 2085 ఆగస్టు 19. నేను ఆ ఫైలును జన్మలో చూడలేదు. ఏదైనా మరిచిపోయానేమో అనుకుని ఆ ఏడాది పని చిట్టా తీశాను. ఆగస్టు 17 నుంచి 31 దాకా సెలవు. అమ్మ చనిపోయింది పదిహేడో తేదీన.

పంతొమ్మిదో తేదీ మూడో రోజు ఫాతిహా ప్రార్థన. ఇంటి నిండా మనుషులు. ఆ ఎండలో ఓబులేశు సార్ ఎనిమిది మైళ్ళు బండి మీద వచ్చారు. మా నాన్న పక్కన చాప మీద కూర్చున్నారు. వెళ్ళే ముందు నన్ను వాకిట్లోకి పిలిచి సంచిలోంచి అరచేతి ముద్రలు తీసుకునే పలక తీశారు.

"సెలవు పత్రం మ్మా. ఇట్లాంటప్పుడు నువ్వు ఆఫీసుకు రావాల్నా? చెయ్యి పెట్టు, మిగతాది నేను చూసుకుంటా," అన్నారు.

నేను చదవలేదు. కళ్ళు కనబడే స్థితి కాదు. చెయ్యి పెట్టాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. ఆ రోజు వచ్చిన అంతమందిలో నాకు ధైర్యంగా అనిపించింది ఆయన ఒక్కరే అని తర్వాత చాలాసార్లు తిప్పక్కతో చెప్పాను.

మార్చి 12

ఐదు రోజులు వెతికాను. ఆగస్టు 19న నా చెయ్యి ఒకే నిమిషంలో రెండు వందల పన్నెండు ఫైళ్ళ మీద పడింది. వాటిలో ముప్పై పెట్టెలు తెరిచి చూశాను. అన్నిటిలోనూ ఒకటే. చనిపోయినవాళ్ళ పేర్లు భద్రంగా ఉన్నాయి. పట్టిచ్చినవాళ్ళవి లేవు. ఒక చోట మందుల దుకాణం వాడు, ఒక చోట ఇంటి ఓనరు, ఒక చోట పెళ్ళిలో సాక్షి సంతకం చేసిన స్నేహితుడు. అసలులో వాళ్ళ పేర్లున్నాయి, ఇంటి నంబర్లున్నాయి. నకలులో 'అధికారులకు సమాచారం అందింది' అనే ఒక్క వాక్యం.

తిప్పక్కకు చెప్పాను. ఆవిడకు చదువు రాదు. ఈ గనికి వచ్చిన మొదటి పెట్టె దించింది మాత్రం ఆవిడే. చీపురు చేతిలోకి తీసుకుంది.

"సారేనా?" అంది.

"సారే."

"ఇంకెవురన్నా చేసింటే బాగుండు," అని ఊడవడం మొదలుపెట్టింది.

మార్చి 13

సార్ బెంగళూరు నుంచి వచ్చారు. గదిలోకి వెళ్ళేసరికి టీ తాగుతున్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ప్రయాణంతో అలసిపోయి ఉన్నారు. నాకు జాలి వేసింది. వేసినందుకు కోపం వచ్చింది.

"సార్, మా అమ్మ మూడో దినానికి వచ్చి, నాతో దేని మీద చెయ్యి పెట్టించుకుంటిరి?"

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"సెలవు పత్రం."

"సెలవు పత్రం ఒకటే గదా సార్. నా చెయ్యి రెండొందల పన్నెండు ఫైళ్ళ మీద ఉండాది."

తలుపు వేయమని సైగ చేశారు. నేను వేయలేదు.

"కూర్చో మస్తానీ."

"నిలబడే వింటా."

ఆయన బల్ల మీది కాగితాలు సర్ది, మళ్ళీ చెదరగొట్టి, అప్పుడు మొదలుపెట్టారు.

"ఆ యేడు మన గనికి కరెంటు ఆపేస్తామనిరి. చల్లదనం లేకుంటే రెండు వానాకాలాలు, అంతే. నలభై లక్షల కాగితాలు బూజు పట్టి పొడైపోతాయి. అప్పుడే వారసుల గౌరవ ఒప్పందమని ఒకటి వచ్చె. పట్టిచ్చినోళ్ళ వంశాలోళ్ళు, వాళ్ళ ఊర్లు కలిసి అడిగిరి, మా పెద్దోళ్ళ పేర్లు తీసేయండని. ఆ గ్రీబ్ పేరు మీద ఇప్పుడొక సంగీతం బడి ఉండాది. ఒప్పుకుంటే ముప్పై ఏండ్లు కరెంటు. సచ్చిపోయినోళ్ళ పేరు ఒక్కటి గూడా తీయమనలేదు మస్తానీ, ఒక్కటి గూడా! నువ్వు నా కుర్చీలో ఉంటే ఏం చేద్దువు?"

రెండు వందల పన్నెండు పక్కన నలభై లక్షలు. ఆ కుర్చీలో ఉంటే నేను కూడా రాత్రంతా కూర్చుని ఏడ్చి ఒప్పుకునేదాన్నేమో. కానీ అడగాల్సింది అది కాదు.

"నాకు చెప్పలేదెందుకు?"

"చెప్పింటే చెయ్యి పెడతాంటివా?"

"పెట్టను."

"అందుకే చెప్పలే."

"మీకూ ముద్ర ఉండాది గదా సార్. మీదే పెట్టచ్చు గదా."

ఆయన తన అరచేతిని బల్ల మీద బోర్లించి చూసుకున్నారు.

"పెడదామనే కూర్చుంటి. రెండు దినాలు పలక ముందర పెట్టుకోని కూర్చుంటి. నా చెయ్యి రాలే మస్తానీ."

ఆయన చెయ్యి రాని పనికి నా చెయ్యి తీసుకున్నారు. ఆ మాటను మామూలుగా, చల్లటి నీళ్ళు తాగినట్టు చెప్పారు. నమ్మకం అనేది ఎక్కడ తెగుతుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆయన చేసింది తప్పని ఆయనకు తెలుసు. తెలిసినందుకే నాతో చేయించారు.

"ఎస్తేర్ ఉత్తరాలకు వివరాలు దొరకలేదని రాసింది మీరేనా?"

"నేనే. ఎవురు చెప్పినారో తెలిస్తే ఏమొస్తాది? నూటయాభై ఏండ్లాయ. సచ్చినోళ్ళు లేసొస్తారా?"

అప్పుడు జవాబు చెప్పింది ఆయనకు చదివి వినిపించాను. సమాచారం ఇంటి యజమానురాలి నుంచే వచ్చి ఉండవచ్చు అన్న వాక్యం వినగానే ఆయన తల ఎత్తారు.

"జవాబు అట్ల చెప్తాందా?"

"పేరు తీసేసిన చోట అది ఊరికే ఉంటాదా సార్? మిగిలిన పేరు పట్టుకుంటాది. దాచిపెట్టినామె పేరే మిగిలింది."

టీ మీద మీగడ కట్టింది. నేను బయటికి వచ్చేశాను.

మార్చి 15

నోయెమీకి జవాబు ద్వారా ఉత్తరం పంపబోతే 'ఈ ఫైలుపై ఆంక్ష ఉంది' అని తిరిగి వచ్చింది. కాగితం మీద రాశాను. అసలు పత్రాలు ఉన్నాయని, వచ్చి చూడవచ్చని మాత్రమే రాశాను. ఇలాంటి సంగతి ఉత్తరంలో చెప్పబుద్ధి కాలేదు. తిప్పక్క స్టేషను దాకా నడిచి వెళ్ళి రైలు తపాలాలో వేసి వచ్చింది.

ఏప్రిల్ 22

నెల రోజులుగా సార్, నేను ఒకే సొరంగంలో పని చేస్తున్నాం. ఆయన నాతో మామూలుగానే ఉంటున్నారు. నిన్న ఒక కార్డు మీద నాకు అర్థం కాని అక్షరం ఆయనను అడిగాను. కళ్ళద్దాలు సర్దుకుని చదివి చెప్పారు. ఆయన చెప్పింది సరిగ్గా సరిపోయింది. అదే నాకు భరించరానిదిగా ఉంది. అబద్ధాలకోరు అన్నీ తప్పు చెబితే ఎంత తేలిక.

మధ్యాహ్నం అన్నాల దగ్గర, "నామీద కోపమేనా ఇంకా?" అని అడిగారు.

"కోపం గాదు సార్."

"మరి?"

రాగి ముద్ద నలుపుతూ కూర్చున్నాను.

మే 9

నోయెమీ వచ్చింది. అరవై ఏళ్ళు దాటిన పొట్టి మనిషి. ఓడలో పద్దెనిమిది రోజులు, రైలులో మూడు రోజులు ప్రయాణించి వచ్చింది. చెవిలో మాటలు తర్జుమా చేసే దుబాసీ యంత్రం పెట్టుకుంది. ఆమె స్పానిష్‌లో మాట్లాడితే అది తెలుగులో చెబుతుంది, పుస్తకం చదివినట్టు.

చదివే గదిలో పెట్టె తెచ్చి పెట్టాను. సార్‌ను కూడా రమ్మన్నాను. రారనుకున్నాను. వచ్చి గోడ పక్కన కూర్చున్నారు.

గ్రీబ్ ఉత్తరం జర్మన్‌లోంచి తెలుగు చేస్తూ చదివాను. పియానో దగ్గరికి వచ్చేసరికి నోయెమీ చెయ్యి ఎత్తి ఆపమంది. కాసేపటికి, కొనసాగించండి, అంది.

తర్వాత పోలీసుల ప్రశ్నలు. ఫిబ్రవరి 19. బాలిక ఎక్కడ? తెలియదు. ఫిబ్రవరి 23. ఉపాధ్యాయుడు గ్రీబ్ దగ్గు విన్నానంటున్నాడు, ఆ దగ్గిన పిల్ల ఎక్కడ? తెలియదు. ఫిబ్రవరి 26. బాలిక ఎక్కడ? తెలియదు. మార్చి 2. బాలిక ఎక్కడ? తెలియదు. ఆ నాలుగో కాగితం చివర గుమాస్తా రాసిన ఒక వరస ఉంది. 'చేతి వాపు వల్ల సంతకం చేయలేకపోయింది. వేలిముద్ర తీసుకోబడింది.' కింద ముద్ర ఉంది. ఊదారంగు సిరా పక్కకు జారి ఉంది.

నోయెమీ ఆ ముద్ర మీద వేలు పెట్టలేదు. దాని పక్కన, బల్ల మీద పెట్టింది.

"పిల్ల మార్తా అక్క ఊళ్ళో ఉందని ఆమెకు తెలుసు," అంది. "మా హన్నెలోరె ముత్తవ్వ యుద్ధం ముగిసేదాకా అక్కడే ఉంది. ఆ తర్వాత మేనమామ వచ్చి మోంటెవీడియోకు తీసుకువెళ్ళాడు. మార్తా పదకొండు ఉత్తరాలు రాసింది. పదకొండూ విప్పకుండా తిప్పి పంపారు."

"ఎందుకు?"

"పట్టిచ్చింది ఆమేనని మా ఇంట్లో అందరికీ తెలుసు కనుక. పిల్లను పది రోజుల ముందే తీసుకువెళ్ళిపోయింది, తల్లిదండ్రులను వదిలేసింది, నాలుగు నెలల్లో జైలు నుంచి బయటికి వచ్చింది. ఇంకేం కావాలి? నా చిన్నప్పుడు మా ఇంట్లో మోసగత్తెను మార్తా అనేవారు. అది ఒక తిట్టు. చనిపోయే ముందు హన్నెలోరె మా అమ్మ చెయ్యి పట్టుకుని, ఒకవేళ ఆమె కాకపోతే? అని అడిగిందట. అందుకే అమ్మ రాసింది. నాలుగోసారి కూడా లేదని వచ్చాక, ఇక జవాబును అడిగింది. జవాబు మార్తానే అంది. అమ్మ అది నమ్మి చనిపోయింది."

దుబాసీ గొంతులో ఏడుపు ఉండదు. అందుకే ఆ మాటలు ఇంకా గట్టిగా తగిలాయి.

ఆమె సార్ వైపు తిరిగింది. "మీరు ఇక్కడి పెద్ద కదా. ఈ కాగితం ఉందని మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

సార్ లేచి నిలబడ్డారు. అబద్ధం చెబుతారనుకున్నాను.

"ఆరేండ్లుగా," అన్నారు.

"మా అమ్మ మొదటి ఉత్తరం రాసింది ఐదేళ్ళ క్రితం."

"అవును తల్లీ."

నోయెమీ కాగితాల వైపు తిరిగి, నాకు ధ్రువీకరించిన ప్రతి కావాలి, అంది. నేను సార్‌ను చూశాను.

"నా ముద్రకు ఇంక ఇలువ లేదు సార్, ఆ పని మీరే చేస్తిరి. దీని మీద మీ చెయ్యి కావాల."

ఆయన నా కళ్ళలోకి చూశారు. "ఏస్తా మస్తానీ. రేపు పొద్దున్నే ఏస్తా. ఈ పొద్దు నాకు కాలూ చెయ్యీ ఆడడంలే."

నమ్మాను. ఇంత తెలిసి కూడా నమ్మాను.

మే 10

సార్ గది ఖాళీగా ఉంది. ఆరు గంటల రైలుకు వెళ్ళిపోయారని స్టేషను మాస్టరు చెప్పాడు. బల్ల మీద ఏమీ వదల్లేదు.

పదింటికి ఈ ఏడు చోట్లనూ నడిపే కేంద్రం నుంచి నాకు ఉత్తర్వు వచ్చింది. ఆంక్ష ఉన్న పత్రాలను అనుమతి లేకుండా తెరిచినందుకు జూన్ ఒకటి నుంచి నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. ఫిర్యాదు చేసినవారు ఓబులేశు. ఫిర్యాదు తేదీ మార్చి 14.

మార్చి 14. ఆయనతో మాట్లాడిన మరుసటి రోజు. ఆ తర్వాత ఎనిమిది వారాలు నా పక్కన కూర్చుని అన్నం తిన్నారు. అక్షరాలు చదివి చెప్పారు. కోపమేనా ఇంకా, అని అడిగారు.

నోయెమీకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె ఉత్తర్వును దుబాసీతో చదివించుకుని, నా చేతిలో తిరిగి పెట్టింది.

"నేను కోర్టుకు వెళ్ళడం లేదు," అంది. "మార్తా వంశంలో ఇంకా ఒక మనిషి ఉంది. ఆమె గుమ్మం దగ్గరికి వెళుతున్నాను. ముద్ర లేకపోయినా సరే, మీరు చేత్తో రాసి ఇవ్వండి."

మధ్యాహ్నం దాకా రాశాను. ఐదు కాగితాలు, జర్మన్‌లో ఉన్నది ఉన్నట్టు. వేలిముద్ర దగ్గర, ఇక్కడ వేలిముద్ర ఉంది, అని రాశాను. చివర నా పూర్తి పేరు, మా నాన్న పేరు, మా ఊరు రాశాను.

మే 12

జూన్ ఒకటి దాకా నా చెయ్యి ఇంకా చెల్లుతుంది. రెండు రోజులు కూర్చుని రెండు వందల పన్నెండు ఫైళ్ళకూ ఒక్కొక్కటిగా, 'ఈ పోలిక నేను చేయలేదు, ముద్ర ఉపసంహరించుకుంటున్నాను' అని రాసి చెయ్యి పెట్టాను. ఏం జరుగుతుందో తెలిసే చేశాను. తిప్పక్కను ముందే అడిగాను.

"ఇది చేస్తే కరెంటు ఆపేస్తారు అక్కా. కాగితాలు పోవచ్చు."

"నువ్వు చేయకుంటే?"

"కాగితాలుంటాయి. జవాబు ఆ మార్తాను దొంగ అంటానే ఉంటాది."

ఆవిడ పెట్టెల వరస వైపు చూసింది. "దొంగ మాట మోయడానికా నేను ఇన్నేండ్లు వీటిని మోసింది? పెట్టు చెయ్యి," అంది.

సాయంత్రం జవాబును మళ్ళీ అడిగాను. ఈసారి మార్తా పేరు ఎత్తలేదు. 'ఈ ఫైలుకు ధ్రువీకరణ లేదు. అసలు పత్రం చూడవలెను' అంది. రెండు వందల పన్నెండు చోట్లా అంతే అంటోంది.

జూన్ 27

కరెంటు నాలుగో వంతుకు తగ్గించారు. మూడో సొరంగం ఇరవై మూడు డిగ్రీలకు వచ్చింది, తేమ యాభై రెండు. ముందు వరసలో ఒక పెట్టెకు బూడిదరంగు బూజు పట్టింది. నూట ముప్పై కార్డులు. మెత్తటి కుంచెతో తుడిచాం. తొమ్మిది చదవడానికి వీల్లేకుండా పోయాయి. ఆ తొమ్మిది పేర్లు నకలులో ఉన్నాయని సరిచూసుకున్నాను. ఉన్నాయి. అయినా తొమ్మిది అసలు కార్డులు నా వల్ల పోయాయి. ఈ మాట కూడా ఇక్కడ రాసి ఉండాలి.

నేను ఇప్పుడు ఉద్యోగిని కాను. నా బదులు ఎవరినీ పంపలేదు. తాళాలు అడగడానికీ ఎవరూ రాలేదు. తిప్పక్క బంధువులు పద్నాలుగు మంది వచ్చి, పెట్టెలను లోతుగా ఉన్న ఐదో సొరంగానికి మోస్తున్నారు. అక్కడ కరెంటు లేకున్నా ఇరవై దాటదు. రోజుకు నాలుగు వందల పెట్టెలు. వానలు పడేలోగా సగమన్నా అవుతుందేమో.

ఓబులేశు సార్ దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. 'ఐదో సొరంగం తూర్పు గోడ చెమ్మ పడుతుంది. అటు పెట్టొద్దు.' అంతే ఉంది. వెళ్ళి చూస్తే నిజమే. పెట్టెలు ఇటు జరిపించాను. కార్డుకు బదులు రాయలేదు.

జూలై 18

ఆల్టెన్‌ఫుర్ట్ నుంచి నోయెమీ ఉత్తరం.

మార్తా మునిమనవరాలి వయసు డెబ్బై తొమ్మిదట. తలుపు సగం తీసి, ఎడెల్‌మూత్ అన్న పేరు వినగానే మూసేయబోయిందట. నోయెమీ గుమ్మంలోనే నిలబడి నేను రాసిన కాగితాలు ఇచ్చింది. ఆమె అక్కడే, తలుపు పట్టుకునే, ఐదు కాగితాలూ చదివింది. చదివి లోపలికి రమ్మనలేదు. మెట్టు మీద కూలబడింది. నోయెమీ కూడా పక్కన కూర్చుంది.

"మీరు క్షమాపణ అడగడానికి వచ్చారా?" అని అడిగిందట ఆమె.

"అవును," అంది నోయెమీ.

"మేమూ అడగాలి. మా ఇంట్లో కూడా ఆమే పట్టిచ్చిందని అనుకున్నాం. మా అవ్వ తన తల్లి మార్తాతో చివరి ఇరవై ఏళ్ళు మాట్లాడలేదు. ఆమె ఎప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. చెప్పినా నమ్మేవాళ్ళం కాదు."

నోయెమీ ఇంకేమీ రాయలేదు. ఇద్దరూ ఎంతసేపు అక్కడ కూర్చున్నారో, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

తిప్పక్కకు ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, "ఇట్లాంటివి ఇంకెన్ని ఉండాయి?" అంది.

"రెండొందల పదకొండు."

"మరి కూర్చుంటివేమి?"

రెండో పెట్టె తెచ్చి విప్పాను. ఒక నది ఒడ్డు ఊరు, ఒక దర్జీ, అతని ముగ్గురు పిల్లలు. అట్ట మీద 28 అని ఉంది. కాగితాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.